సున్నా అంటే వెయ్యి

మే నెలాఖరు. రోహిణీ కార్తె. విజయవాడ. మధ్యాహ్నం రెండు గంటలు. అలాంటి వేళ తన ఫ్యాను తానే తీసేసుకుని చెమటలో ఉడుకుతూ పడుకునే మనిషి ఒకడున్నాడంటే మీరు నమ్మరు. ఉన్నాడు. నేనే. ఒక్క రోజు కాదు, వరసగా ఏడు రోజులు ఆ పని చేశాను. పిచ్చి పట్టి కాదు. నా తలకాయలో తీగ వెయ్యొద్దని చెప్పడానికి నాకు వేరే దారి లేదు.

నా పేరు దామోదరం. పాలిటెక్నిక్‌లో ఇరవై రెండేళ్ళు ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూశాను. ఇంటికొచ్చినా అదే గోల. ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోవాలి, గుమ్మంలో మనిషి నిలబడగానే లైటు వెలగాలి, ఇలాంటివేవో కడుతూ కూర్చునేవాణ్ణి. ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు, ఒక రిలే, నాలుగు తీగముక్కలు ఉంటే నాకు అన్నం కూడా గుర్తొచ్చేది కాదు. మా ఆవిడ వకుళ "ఈయనకి నన్ను కాదు, ఆ టక్కుమనేదాన్నిచ్చి చెయ్యాల్సింది పెళ్ళి" అనేది. టక్కుమనేది అంటే రిలే. చాక్లెట్టంత నీలం డబ్బా. మైక్రోకంట్రోలర్ ఇచ్చే చీమంత కరెంటు దాన్ని తడితే, లోపల టక్కుమని ఒక రేకు కదిలి, ఫ్యాను తిప్పే పెద్ద కరెంటుకి దారిస్తుంది. అంతకు మించి దానికేమీ తెలియదు.

కిందటి ఆగస్టులో ల్యాబులో టంకం వేస్తూ వేస్తూ కూలిపోయాను. మెదడు అడుగున నరం చిట్లిందన్నారు. అప్పట్నించీ వేలు కదలదు, నాలుక కదలదు, కనురెప్ప కూడా లేవదు. ఊపిరి దానంతటది ఆడుతోంది. ముక్కులోంచి వేసిన గొట్టంలో జావ పోస్తారు. చెవులు మాత్రం ఎప్పటికంటే బాగా పనిచేస్తున్నాయి. చలి, వేడి, దురద, అన్నీ తెలుస్తాయి. దురద సంగతి ఎత్తకూడదు, ఎత్తితే మొదలవుతుంది.

ఆరు నెలలపాటు నేను లోపల ఉన్నానని ఎవరికీ తెలియదు. "మనిషి లేడనే అనుకోండమ్మా" అని ఆస్పత్రిలో నా పక్కనే నిలబడి చెప్పారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు నా మంచమ్మీదే పండ్ల సంచీ పెట్టి కోడళ్ళ సంగతులు మాట్లాడుకునేవాళ్ళు. లోపల్నించి అరిచాను, తిట్టాను, ఏడ్చాను. బయటికి ఒక్క చుక్క రాలేదు. వకుళ ఒక్కతే రోజూ "లైటు తీసేస్తున్నానండీ" అని చెప్పి మరీ తీసేది. ఆ ఒక్క మాట కోసం రోజంతా ఎదురు చూసేవాణ్ణి.

ఫిబ్రవరిలో రెహానా వచ్చింది. ఒకప్పటి నా స్టూడెంటు. కాజీపేట పిల్ల, వాళ్ళ నాన్నకి రైల్వేలో బదిలీ అయితే మా పాలిటెక్నిక్‌లో చేరింది. ఇప్పుడేదో పరిశోధన సంస్థలో పనిచేస్తోంది. నా నుదుటికి ఒక పట్టీ కట్టి, చల్లటి జిగురు పూసి, దాన్ని ఒక మైక్రోకంట్రోలర్ బోర్డుకి, బోర్డుని ఒక రిలేకి, రిలేని మంచం పక్కనున్న టేబుల్ ఫ్యానుకి కలిపింది. రిలే టక్కుమనగానే గుర్తుపట్టేశాను. ప్రాణం లేచొచ్చింది.

"సార్, చెయ్యి లేవకముందే మెదడులో చిన్న అల లేస్తది. రోజూ చేసే పనికైతే ఆ అల గట్టిగుంటది. ఈ పట్టీ దాన్ని పట్టుకుంటది," అంది రెహానా. "మీరు ఫ్యాన్ బంద్ చేయాలని గట్టిగా అనుకోండి సార్. బంద్."

అనుకున్నాను. పన్నెండు రోజులు అనుకున్నాను. బంద్ అంటే నాకు మూసిన షాపులూ, బస్టాండులో టైర్లు తగలబెట్టేవాళ్ళూ కళ్ళ ముందు మెదిలారు గానీ ఫ్యాను మెదల్లేదు. "బంద్ సార్, బంద్" అని ఆ పిల్ల బతిమాలుతుంటే, నా తల నేనే గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ వెసులుబాటు కూడా లేదాయె.

పదమూడో రోజు రెహానా సామాను సర్దుకుంటోంది. వకుళ కాఫీ తెచ్చింది.

"ఇన్నాళ్ళూ ఆయన్ని ఏమనుకోమన్నావమ్మా?"

"బంద్ అనుకోమన్న మేడమ్."

"అయ్యో రాత! మా ఇంట్లో ఆ మాటే లేదే. ఫ్యాను వెయ్యండి, ఫ్యాను తియ్యండి, అంతే. లైటైనా అంతే, తలుపైనా అంతే." ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది. పదహారేళ్ళుగా రోజూ వంటింట్లోంచి ఏ గొంతుతో కేకేసేదో అదే గొంతుతో అంది: "ఏమండీ, అన్నం వడ్డించాను. ఫ్యాను తీసేసి రండి."

నేనేమీ అనుకోలేదు. అనుకునే పనే లేదు. నా చెయ్యి లోపల్లోపల దానంతటదే లేచింది. టక్. ఫ్యాను ఆగిపోయింది.

కాఫీ గ్లాసు నేలమీద పడి దొర్లడం విన్నాను. తరవాత వకుళ నా గుండెల మీద తలపెట్టి ఏడవడం విన్నాను. నేనీ భూమ్మీదికి తిరిగొచ్చాక చెప్పిన మొదటి మాట "తియ్యి." ఇది గుర్తుపెట్టుకోండి, తరవాత కావాలి.

అలా నాకు రెండు మాటలొచ్చాయి. వెయ్యి, తియ్యి. ఒక్కో మాటకి నిమిషం సేపు ఒళ్ళంతా బిగబట్టినట్టు అనుకోవాలి, అప్పుడు కూడా రెండుసార్లకి ఒకసారే పలికేది. ఫరవాలేదు. మాకు పెళ్ళయిన కొత్తలో నేను ఇంతకంటే ఎక్కువేం మాట్లాడలేదు.

రావాల్సిన చిక్కు ఆ తరవాత వచ్చింది. అందరూ నన్ను ప్రశ్నలడగడం మొదలుపెట్టారు. దానికో పద్ధతి పెట్టినవాడు మా బామ్మర్ది మురహరి. వకుళ తమ్ముడు, పటమటలో ఫ్లెక్సు బ్యానర్ల షాపు నడుపుతాడు, మనసు వెన్న, గొంతు మైకు. ముందు బోర్డు మీదున్న మీట నొక్కి ఫ్యాను ఆపేసేవాడు. "బావా, ఔనంటే ఫ్యాను వెయ్యి" అని అడిగేవాడు. ఫ్యాను తిరిగితే ఔను. తిరక్కపోతే? "బావ ఆలోచిస్తున్నాడు, ఇంకోసారి అడుగుదాం." తిరిగేదాకా అడుగుతూనే ఉండేవాడు. ఆ పద్ధతిలో ఔనుకి చోటుంది గానీ కాదుకి లేదు. ఆ సంగతి ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తట్టలేదు.

దానికి తోడు మా వీధి కరెంటు. ఎండలు ముదిరేసరికి రోజుకి పదిసార్లు కన్ను కొట్టేది. పోయినట్టే పోయి అర సెకనులో వచ్చేది. మొదటిసారి అలా జరిగినప్పుడే నాకు ఒళ్ళు చల్లబడింది. అంతకు పావుగంట ముందు నేను ఫ్యాను తీసేశాను. కరెంటు పోయి వచ్చింది. టక్. ఫ్యాను తిరిగింది. నేను వెయ్యలేదు.

"చూశావా, కరెంటు రాగానే ఆయనే వేసుకున్నారు," అని మురిసిపోయింది వకుళ.

కాదే పిచ్చిదానా, అని లోపల మొత్తుకున్నాను. ఈ చవక రిలే బోర్డులు తలకిందులవి. మామూలుగా ఒకటి పంపితే పనిచేయాలి, సున్నా పంపితే ఆగాలి. వీటికి సున్నా పంపితే ఫ్యాను తిరుగుతుంది, ఒకటి పంపితే ఆగుతుంది. కొత్త పిల్లలకి ఇది ఎక్కదని ల్యాబులో నేనొక పల్లవి పెట్టాను: సున్నా అంటే వెయ్యి, ఒకటంటే తియ్యి. "సార్, సున్నాకి వెయ్యిస్తే పరీక్షల్లో కూడా అలాగే ఇవ్వండి సార్" అని నవ్వేవాళ్ళు. నవ్వితే గుర్తుంటుంది. ఇంకో ముక్క కూడా చెప్పేవాణ్ణి. మైక్రోకంట్రోలర్ నిద్రలేచేటప్పుడు, ప్రోగ్రాములో ముందుగా చెప్పి ఉంచకపోతే, రిలే వైపు సున్నాతోనే లేస్తుంది. అంటే ఎవరూ అడక్కుండానే వేసేస్తుంది. కాబట్టి ముందు ఒకటి పెట్టు, ఆ తరవాతే రిలే వైపు దారి తెరువు. రెండే రెండు లైన్లు. ఏది ముందు, ఏది వెనక, అంతే తేడా.

ఆ పాఠం చెప్పిన రోజు రెహానా క్లాసుకి రాలేదు. వాళ్ళక్క పెళ్ళికి కాజీపేట వెళ్ళింది.

అలా కరెంటు కన్ను కొట్టిన ప్రతిసారీ నేను ఔనన్నట్టు లెక్క. "బావా, నీకు ఖవ్వాలీ పాటలు ఇష్టమా?" టక్. మూడు రోజులు చెవుల తుప్పు వదిలింది. "బావా, జావలో వెల్లుల్లి దంచి వెయ్యమంటావా?" టక్. గొట్టంలోంచి పోస్తే రుచి తెలియకపోవచ్చు, త్రేన్పు మాత్రం తెలుస్తుంది. రెహానా ఒకరోజు అక్షరాలు వరసగా చదువుతూ, కావలసిన అక్షరం దగ్గర ఫ్యాను వెయ్యమంది. సరిగ్గా ఞ దగ్గర కరెంటు కన్ను కొట్టింది. ఞ తో మొదలయ్యే మాటేదో చెప్పమని మురహరి తెలుగు మాస్టార్ని కూడా అడిగొచ్చాడు. అక్షరాల ఆట అక్కడితో ఆగిపోయింది.

నవ్వుకోండి. నేనూ నవ్వుకున్నాను. ఒకటి మాత్రం నవ్వురాలేదు. అంతకుముందు వకుళ నా ముఖంలోకి చూస్తూ మాట్లాడేది. ఊపిరి చెంపకి తగిలేది కాబట్టి నాకు తెలుసు. ఇప్పుడు అందరితో పాటు ఆవిడ గొంతు కూడా ఫ్యాను వైపు తిరిగింది. ఫ్యానుకి చెప్పేది, ఫ్యానుని అడిగేది, ఫ్యాను తిరిగితే సంతోషపడి వంటింట్లోకి వెళ్ళిపోయేది. మంచమ్మీద నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు.

ఇక అసలు సంగతి. రెహానాకి పై అధికారి, డాక్టరు శ్రీపతి గారని ఒకాయన వచ్చారు. మెత్తగా మాట్లాడతారు.

"పట్టీ పైనుంచి వింటుందమ్మా. అందుకే రెండు మాటలతో ఆగిపోయాం. పుర్రెలో చిన్న రంధ్రం చేసి లోపల తీగ వేస్తే మాటలు మాటలుగా వస్తాయి. స్పీకర్లోంచి ఆయనే మీతో మాట్లాడొచ్చు."

"ప్రమాదం లేదా డాక్టరుగారూ?" అంది వకుళ.

ఆయన అబద్ధం చెప్పలేదు, అది మెచ్చుకోవాలి. "ఇంతవరకు ముగ్గురికి వేశాం. ఒకరు మాట్లాడుతున్నారు. ఇద్దరి దగ్గర్నించి ఆ తరవాత పట్టీ కట్టినా ఏమీ రావడం లేదు. లోపల ఉన్నారో లేదో తెలియదు. అందుకే పేషెంటు స్వయంగా ఒప్పుకోవాలి."

నాకు భయం వేసింది. బతుకులో ఎప్పుడూ అంత భయం వెయ్యలేదు. ఆ ఇద్దరూ ఎక్కడున్నారో నాకు తెలుసు. ఆరు నెలలు నేనున్న చోటే ఉన్నారు, గోడలకి కిటికీ కూడా లేకుండా. ఆడిన జూదంలో పోయేది డబ్బయితే ఎవడైనా ఆడతాడు. నా దగ్గరున్నవి రెండు మాటలు. అవి కూడా పోతే వకుళ లైటు తీసేస్తున్నానని చెప్పే మనిషిగా మిగుల్తాను, అదీ ఆవిడకి ఓపిక ఉన్నన్నాళ్ళు.

మురహరి ఫ్యాను ఆపాడు.

"బావా, బాగా ఆలోచించుకుని చెప్పు. తీగ వెయ్యమంటావా? ఔనంటే వెయ్యి."

నేను కదల్లేదు. అంటే, ఏమీ అనుకోలేదు. మనసులోకి ఆ మాట రానివ్వకుండా తలుపు మూసుకుని కూర్చున్నాను. ఒక నిమిషం. రెండు నిమిషాలు. వంటింట్లో ఫ్రిజ్జు గుర్రుమనడం ఒక్కసారి ఆగి మళ్ళీ మొదలైంది.

టక్.

ఫ్యాను తిరిగింది. మురహరి చప్పట్లు కొట్టాడు. వకుళ నా చెయ్యి పట్టుకుని "మీ గొంతు వింటానండీ, మళ్ళీ మీతో పోట్లాడతానండీ" అని వెక్కి వెక్కి ఏడ్చింది. తియ్యి, తియ్యి, తియ్యి అని నేను లోపల గొంతు చించుకున్నాను. నిమిషన్నరకి ఫ్యాను ఆగింది. అప్పటికి అందరూ హాల్లో మిఠాయి తింటున్నారు.

మర్నాడు మా గేటుకి మురహరి ఫ్లెక్సు కట్టాడు. పైకి చదివి వినిపించాడు కూడా: "త్వరలో మళ్ళీ మాట్లాడబోతున్న మా దామోదరం బావకు హార్దిక శుభాకాంక్షలు." గాలికి అది పటపటా కొట్టుకుంటుంటే నాకు మంచమ్మీదికి వినిపించేది.

నాకున్న కాదు ఒక్కటే. ఎవరైనా ఆపరేషన్ మాట ఎత్తితే ఫ్యాను తీసెయ్యడం. చేశాను. అలల్లా వస్తున్న వడగాలిలో, దిండు తడిసి, వీపు అట్టకట్టి, చెమట చెవుల్లోకి కారుతుంటే తీసి ఉంచాను. వాళ్ళు వచ్చి వేసేవాళ్ళు. మళ్ళీ తీసేవాణ్ణి.

"అక్కా, నేను ఆపరేషన్ సంగతి మాట్లాడినప్పుడల్లా బావ ఫ్యాను తీసేస్తున్నాడే. నా గొంతు గిట్టట్లేదంటావా?"

"నీ గొంతు ఎవరికి గిట్టింది గనక! ఆయనకి ఎండ తెలియడం లేదేమోరా. చూడు, ఒళ్ళెలా కాలిపోతోందో."

ఏడో రోజు నాకు వడదెబ్బ తగులుతుందని భయపడి మురహరి ఒక పని చేశాడు. ప్రేమతోనే చేశాడు. ఫ్యాను ప్లగ్గు రిలే నుంచి పీకి, తిన్నగా గోడకి పెట్టేశాడు. ఫ్యాను రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంది. నేను తియ్యి అనుకుంటూనే ఉన్నాను. రిలే టక్కుమన్నా ఎవరు వింటారు? దాని వెనకాల ఏమీ లేదు. పిల్లగాలి చల్లగా ముఖానికి తగులుతుంటే అంత ఉక్క నాకెప్పుడూ పొయ్యలేదు.

మర్నాడు ఆపరేషననగా, మధ్యాహ్నం రెహానా సామాను సర్దడానికి వచ్చింది. ఆస్పత్రికి పట్టుకెళ్ళేముందు బోర్డు సరిగ్గా ఉందో లేదో చూడాలని ఫ్యానుని మళ్ళీ రిలేకి కలిపింది. నేను తీసే ఉంచాను కాబట్టి అంతదాకా తిరుగుతున్న ఫ్యాను ఆగిపోయింది. "సరే, పనిచేస్తుందిలే" అని నా తలమీంచి పట్టీ విప్పింది. నుదుటి మీద జిగురు తుడుస్తోంది. తడిగుడ్డ హాయిగా ఉంది, ఆ హాయికి ఏడుపొచ్చింది. వకుళ నా బట్టలు సంచీలో సర్దుతోంది. మురహరి కారు గురించి ఫోనులో అరుస్తున్నాడు.

కరెంటు కన్ను కొట్టింది. టక్. ఫ్యాను తిరిగింది.

ఎవరూ పట్టించుకోలేదు. మురహరి "చూడు, మా బావ హుషారు" అని ఫోనులో ఎవరితోనో అంటున్నాడు. సంచీ జిప్పు సగంలో ఆగడం విన్నాను.

"అమ్మాయ్," అంది వకుళ. "పట్టీ నీ చేతిలో ఉంది."

"అవును మేడమ్, జిగురు తుడుస్తున్న కదా."

"మరి ఫ్యాను ఎవరు వేశారు?"

వకుళ నడిచి వెళ్ళి మెయిన్ స్విచ్ కట్టేసింది. మళ్ళీ వేసింది. టక్. ఫ్యాను తిరిగింది. మళ్ళీ కట్టేసింది, మళ్ళీ వేసింది. టక్. మా ఆవిడ పప్పులో ఉప్పు చూసినా మూడుసార్లు చూస్తుంది.

"సున్నా అంటే వెయ్యి..." అని గొణిగింది. "ఆయన ఫోనులో పిల్లలతో ఎప్పుడూ అనేవారు. సున్నా అంటే వెయ్యి, ఒకటంటే తియ్యి, ముందు చెప్పకపోతే సున్నాతోనే లేస్తుంది అని. నేనేదో లాటరీ గోలనుకునేదాన్ని. దానికీ దీనికీ ఏమన్నా సంబంధం ఉందా?"

ల్యాపుటాపు తెరిచిన చప్పుడు, మీటల చప్పుడు. తరవాత ఆ పిల్ల కుర్చీలో కూలబడిన చప్పుడు.

"యా అల్లా. రెండు లైన్లు ఉల్టా పెట్టిన మేడమ్. కరెంటొచ్చినప్పుడల్లా రిలే దానంతటదే పడుతోంది. సార్ వెయ్యకుండానే. ఆ రోజు ఒప్పుకున్నది... సార్ కాదేమో."

మురహరి ఫోను పెట్టేశాడు. నెమ్మదిగా, నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో అన్నాడు: "అయితే ఇన్నాళ్ళూ మనం మాట్లాడింది కరెంటుతోనా? లోపల బావ లేడా?"

అదీ నేను భయపడింది. ఆపరేషన్ తప్పితే తప్పింది గానీ, దాంతో పాటు నేనూ పోయేలా ఉన్నాను. నేనున్నానని చెప్పడానికి పట్టీ కూడా తలమీద లేదు. అంత దగ్గరగా ముగ్గురు మనుషులు, ముగ్గురి ఊపిరీ వినిపిస్తోంది. ఒక్కసారి ఇటు చూడండి. ఎవరైనా ఒక్కసారి.

"ఉండరా," అంది వకుళ. "అమ్మాయ్, ఒకటి చెప్పు. అది తనంతట తను వేస్తుంది, సరే. తనంతట తను తీస్తుందా?"

రెహానా ఆలోచించింది. "తియ్యదు మేడమ్. తియ్యాలంటే ఎవరైనా మీట నొక్కాలి, లేదంటే పట్టీ నుంచి మాట రావాల్సిందే. వెయ్యడంలో అబద్ధం ఉండొచ్చు. తియ్యడంలో లేదు."

"ఆయన మొట్టమొదట చేసింది ఏంటి? తియ్యడం. నేను అన్నానికి పిలిస్తే తీశారు." వకుళ గొంతు ఒక్కో మాటకీ పైకి లేస్తోంది. "ఆపరేషన్ అన్నప్పుడల్లా చేసిందేంటి? తియ్యడం. ఒరేయ్ మురహరీ, నీ గొంతు గిట్టక కాదురా! రోహిణీ కార్తెలో ఏడు రోజులు ఉడికిపోతూ ఆ మనిషి వద్దు వద్దు అని మొత్తుకుంటే, మనం ఫ్లెక్సు కట్టుకుని కూర్చున్నాం!"

రెహానా లైన్లు సరిచేసింది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. మెయిన్ కట్టేసి వేసి చూసింది. రిలే కిమ్మనలేదు. నా నుదుటికి పట్టీ కట్టింది. వకుళ తన చేత్తో మీట నొక్కి ఫ్యాను వేసింది. తరవాత వచ్చి మంచమ్మీద, నా పక్కన, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ ఊపిరి నా చెంపకి తగిలింది. మూడు నెలల తరవాత.

"ఏమండీ," అంది. "ఈసారి నేనడుగుతాను. ఆపరేషన్ వద్దనుకుంటే ఫ్యాను తియ్యండి. ఎంతసేపైనా ఫరవాలేదు, కూర్చుంటాను."

మొదటిసారి నా కాదుకి చోటిచ్చారు. ఏడు రోజులుగా దీని కోసమే చచ్చాను. తీరా చేతికొచ్చాక మనసు తడబడింది. ఆవిడ నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. నా గొంతు వినాలని ఆవిడకెంత ఆశో ఆ పట్టులో తెలుస్తోంది. నేను కాదంటే ఆ ఆశ ఇవాళ్టితో సరి. ముగ్గురిలో ఒకడు మాట్లాడాడు కదా, ఆ ఒకణ్ణి నేనే ఎందుకు కాకూడదు? ఆవిడ కోసమైనా? అలా ఎంతసేపు గడిచిందో. చెయ్యి వదల్లేదు ఆవిడ. అప్పుడనిపించింది, ఈ చెయ్యి నాకు తెలుస్తున్నంతవరకు, నేనున్నానని ఈ చేతికి తెలుస్తున్నంతవరకు చాలు. దీన్ని పందెం కాయలేను. నేను పిరికివాణ్ణే. అనుకోండి.

తియ్యి.

టక్. ఫ్యాను రెక్కలు నెమ్మదించి, నెమ్మదించి, ఆగాయి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రెహానా ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళింది. "డాక్టర్ సాబ్, పేషెంట్ వద్దన్నారు. లేదు, ఆ రోజు చెప్పింది మన బోర్డు, సార్ కాదు. తప్పు నాది" అనడం వినిపించింది. ఆ మాట అనడానికి ఆ పిల్లకి ఉద్యోగంలో ఏమేం పోతాయో నాకు తెలియదు. నేను బాగుంటే నా స్టూడెంటని చెప్పుకుని తిరిగేవాణ్ణి.

మురహరి ముక్కు చీదుకున్నాడు. "బావా, మరి ఫ్లెక్సు తియ్యమంటావా?"

"అది కూడా ఆయన్నే అడగాలా! తీసెయ్యి ముందు," అని కసిరింది వకుళ.

ఇద్దరమే మిగిలాం. "పోట్లాడదామనుకున్నాను మీతో," అంది వకుళ. "పోన్లెండి. నేనొక్కదాన్నే రెండు వైపులా పోట్లాడతాను, నాకు అలవాటేగా." ముఖం నా భుజానికి ఆనించి కాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆవిడకి కనిపించి ఉండదు.

తరవాత లేచి, అటక మీంచి తాటాకు విసనకర్ర దింపి, దుమ్ము దులిపి, వచ్చి మళ్ళీ నా పక్కనే కూర్చుంది. విసురుతూ మాట్లాడింది. పక్కింటివాళ్ళ కొత్త కుక్క గురించి, ఈ ఏడు ఆవకాయలో కారం తక్కువైన సంగతి, నేను ల్యాబులో ఉండగా నాకు చెప్పకుండా పారేసిన నా పాత రేడియో గురించి. ముఖం నా వైపే పెట్టి చెప్పింది. ఫ్యాను వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

"చెయ్యి నొప్పెడుతోందండీ. చెమటలు కారిపోతున్నాయి మీకు. ఇంక వెయ్యండి," అంది.

వెయ్యి అనుకోవడానికి నాకు నిమిషం చాలు. ఆ రోజు గంటన్నర తీసుకున్నాను.